నిద్రలో దాటిన దారి

మా అత్తయ్యది బందరు. కాపురానికి హైదరాబాదు వచ్చి నలభై ఆరేళ్లు. పురుళ్లకూ, పెళ్లిళ్లకూ, సంక్రాంతులకూ, చివరికి తల్లీతండ్రీ పోయినప్పుడూ పుట్టింటికి ఎన్నిసార్లు వెళ్లొచ్చిందో లెక్కలేదు. అన్నీ రాత్రి బస్సులే. "ఈ దారిలో నాకు తెలిసినవి రెండే అమ్మాయ్. సూర్యాపేటలో బస్సు ఆగితే తాగే టీ, బెజవాడ వచ్చేసరికి కొండ మీద కనిపించే అమ్మవారి దీపాలు. మధ్యలో ఏముందో ఎప్పుడూ చూళ్లేదు" అంది ఒకరోజు, ఉల్లిపాయలు తరుగుతూ.

ఆ మాట నన్ను పట్టుకుంది. నేనూ అంతే కదా. మనలో చాలామంది అంతే. రాత్రి పదింటికి ఎక్కి, దుప్పటి ముసుగు పెట్టి, తెల్లారి దిగుతాం. ఇప్పుడు కార్లున్నవాళ్లు పగలే వెళ్తున్నా టోల్‌గేటు నుంచి టోల్‌గేటుకు లెక్కపెట్టుకుంటూ నాలుగైదు గంటల్లో కొట్టేస్తారు. అది చూడటం కాదు.

నిజానికి మన తెలుగు నేల మీద ఇంతకంటే కథలున్న దారులు తక్కువ. గోల్కొండ సుల్తానులకు సముద్రపు వాకిలి బందరు. వజ్రాలూ, కలంకారీ వస్త్రాలూ అటు వెళ్లేవి. పర్షియా గుర్రాలూ, విదేశీ వర్తకులూ ఇటు వచ్చేవారు. 17వ శతాబ్దంలో ఈ దారిన నడిచిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియే తన యాత్రా గ్రంథంలో ఈ ప్రయాణం పాట్లు రాసుకున్నాడు. కొండలూ, చెరువులూ, ఏళ్లూ అడ్డం వచ్చి బండ్లు నడవవనీ, సరుకంతా ఎద్దుల మీదా గుర్రాల మీదా సాగుతుందనీ చెప్పాడు. వజ్రాల గనుల దాకా తీసుకెళ్లిన తన చిన్న బండిని గడ్డు చోట్ల ఊడదీసి దాటించాల్సి వచ్చిందట. ఆ దారే దాదాపుగా ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి. బెజవాడకు సుమారు 270 కిలోమీటర్లు, అక్కణ్నుంచి బందరుకు మరో డెబ్బై.

ఉగాదికి పది రోజుల ముందు, పిల్లల పరీక్షలు అయిన వారంలో, శనివారం ఐదున్నరకు బయల్దేరాం. అత్తయ్య, మావారు, నేను, ఎనిమిదో తరగతి పెద్దది, మూడో తరగతి చిన్నోడు. వెనక పులిహోర డబ్బా, మజ్జిగ సీసాలు, ఒక చాప. పెట్టుకున్న నియమం ఒక్కటే. అత్తయ్య ఆపమన్నచోటల్లా ఆగాలి.

ఊరు దాటకముందే మొదటి మజిలీ

హయత్‌నగర్‌లో ఆగుతామంటే చిన్నోడు నమ్మలేదు. "ఇది మన ఊరే కదా!" అన్నాడు. అందుకే ఆగాలి. ఈ పేటకు ఆ పేరు హయాత్ బక్షీ బేగం వల్ల వచ్చింది. హైదరాబాదు కట్టిన మహమ్మద్ కులీ కూతురు, సుల్తాన్ మహమ్మద్ భార్య, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. జనం మా సాహెబా అని పిలిచేవారు. ఊళ్లో మాసాబ్ ట్యాంక్ అన్న పేరు కూడా ఆవిడ చెరువు నుంచే వచ్చింది. ఇక్కడి మసీదు చుట్టూ బాటసారులు దిగేందుకు కట్టిన గదుల వరసలున్నాయి. పక్కన పెద్ద దిగుడు బావి. ఏనుగుల బావి అంటారు. తెల్లవారు వెలుగులో ఆ కమానుల నీడ నేల మీద పడుతుంటే పెద్దది ఒక్కో గది గడపా తొక్కి చూసింది. బందరు నుంచి వచ్చిన వర్తకుడికి నగరానికి ముందు చివరి మజిలీ, బయల్దేరినవాడికి మొదటిది. ప్రయాణికుడికి నీడ కావాలని ఆలోచించిన తల్లి ఒకావిడ ఆ కాలంలోనే ఉందన్నమాట.

చౌటుప్పల్ దాటే వేళకు ఎండ పసుపు రంగుకు తిరిగింది. ఎడమ చేతి వైపు లోపలికి వెళ్తే పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చి భూదానోద్యమాన్ని మొదలుపెట్టించిన ఊరు. చీరల కోసం ఇదివరకే వెళ్లొచ్చాం కాబట్టి మళ్లలేదు.

అసలు వసంతం చిట్యాల తర్వాత మొదలైంది. రోడ్డుకు దూరంగా రాతిగుట్టల అంచున మోదుగులు. ఆకు ఒక్కటీ లేదు, చెట్టంతా నిప్పు. ఏడాదిలో పదకొండు నెలలు ఆ చెట్టును ఎవరూ పట్టించుకోరు. విస్తళ్లు కుట్టేవాళ్లకే అది తెలుసు. ఫాల్గుణంలో మాత్రం గుట్టంతా దానిదే. "ఆపు, ఆపు" అంది అత్తయ్య. సర్వీసు రోడ్డులోకి దిగి ఆపాం. (రహదారి మీద ఎక్కడబడితే అక్కడ బండి ఆపకండి. ఈ దారి ఎన్ని ప్రాణాలు తీసుకుందో దారి పొడవునా ఉండేవాళ్లకు తెలుసు.) రాలిన పూలు ఒళ్లో పోసుకుని వచ్చింది. చిన్నతనంలో హోలీకి వీటిని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే కాచి రంగు తీసేవాళ్లట. చిలక ముక్కులా వంగిన ఆ రేకను చిన్నోడు ముక్కుకు పెట్టుకుని తిరిగాడు.

అక్కడి నుంచి నకిరేకల్ దాకా కానుగలే నాకు ఎక్కువ నచ్చాయి. కానుగ చిగురు గురించి ఎవరూ రాయరు. మామిడి చిగురుకూ, కోయిలకూ వచ్చిన పేరు దానికి రాలేదు. ఎండకు నీడనిచ్చే కాలానికి సరిగ్గా పాత ఆకు రాల్చి, నూనె రాసినట్టు మెరిసే లేతాకు వేస్తుంది. ఉదయపు ఎండ దాని గుండా వస్తే కింద నిలబడ్డ మనిషి మొహం కూడా ఆకుపచ్చగా కనిపిస్తుంది. నకిరేకల్ నిమ్మతోటల గాలి ఒకసారి కారులోకి వచ్చి పోయింది.

ఎరకసాని గుడి

సూర్యాపేటలో అత్తయ్య టీ తాగింది. నలభై ఆరేళ్ల అలవాటు. ఈసారి పగలు తాగింది, అంతే తేడా. ఊరికి కాస్త దూరంలో పిల్లలమర్రి. జాతీయ రహదారి మీద వెళ్లేవాళ్లలో నూటికి ఒకరైనా ఇటు మళ్లుతారో లేదో. కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లు. అందులో ఎరకేశ్వరాలయాన్ని 1208లో బేతిరెడ్డి భార్య ఎరకసాని కట్టించింది. దేవుడికే ఆవిడ పేరు పెట్టారు. నల్లరాతి స్తంభాలు అద్దాల్లా నునుపు. చెయ్యి పెడితే చల్లగా, ఎనిమిది వందల ఏళ్ల చల్లదనం. గుడి బయట వేపచెట్టు పూత మీద ఉంది. అత్తయ్య చీర కొంగు పరిచి రాలిన పువ్వు ఏరడం మొదలుపెట్టింది. "ఉగాది పచ్చడికి ఈసారి పువ్వు ఎరకసాని గుడిది" అంది.

పెద్దది శాసనం ముందు నిలబడి చాలాసేపు ఒక్క అక్షరమూ పోల్చుకోలేకపోయింది. చివరికి ఒకట్రెండు దొరికాయి. 'న' దొరికిందని కేక పెట్టింది. బళ్లో ఏడేళ్లుగా రాస్తున్న అక్షరం రాతిలో ఎదురుపడితే ఆ పిల్ల మొహంలో వచ్చిన వెలుగును నేను ఇంకే పద్ధతిలోనూ తెప్పించలేను.

రెండు ద్వీపాలు

సూర్యాపేట దాటాక మునగాల వస్తుంది. కారు ఆపి చూడటానికి పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. అయినా ఆగాం, ఎందుకంటే పిల్లలకు ఒక వింత చెప్పాలి. నిజాం రాజ్యం మధ్యలో ఉన్నా మునగాల పరగణా నిజాముది కాదు. బ్రిటిషు వాళ్ల కృష్ణా జిల్లాలోది. ఇక్కణ్నుంచి బెజవాడ వైపు వెళ్తే కంచికచర్ల దాటాక వచ్చే పరిటాల దీనికి తలకిందులు. చుట్టూ బ్రిటిషు సీమ, మధ్యలో పరిటాలా మరి కొన్ని ఊళ్లూ నిజాముకు చెందినవి. అక్కడ వజ్రాల గనులున్నాయి కాబట్టి వాటిని వదులుకోలేదు. ఒకే దారి మీద, ఒకదాని నేలలో మరొకటిగా, రెండు ద్వీపాలు. రాత్రి బస్సులో నిద్రపోయేవాడు ఎన్ని రాజ్యాలు దాటాడో వాడికి తెలియదు.

ఆ మునగాల తెలుగువాళ్లకు చేసిన మేలు చాలా పెద్దది. రాజా నాయని వెంకట రంగారావు కొలువులో దివానుగా ఉన్నది కొమర్రాజు లక్ష్మణరావు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం పెట్టినప్పుడూ, 1906లో తెలుగు పుస్తకాలు వేసిన విజ్ఞాన చంద్రికా మండలి మొదలైనప్పుడూ వెనక ఆయన ఉన్నాడు, ఆయన వెనక రాజావారున్నారు. తెలుగు చదవడమే కష్టమైన రాజధానిలో తెలుగు గ్రంథాలయానికి బలం ఈ చిన్న పరగణా నుంచి వెళ్లింది. మా పెద్దది సుల్తాన్ బజారులోని ఆ గ్రంథాలయం ముందు నుంచి చాలాసార్లు వెళ్లింది. "మరి ఎప్పుడూ లోపలికి తీసుకెళ్లలేదేం?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. వచ్చే ఆదివారం వెళ్తాం.

మిరప కళ్లాలు

కోదాడ దాటి, పాలేరు దాటి గరికపాడు. రాష్ట్రం మారింది. మారినట్టు చెప్పింది బోర్డు కాదు, ఘాటు. జగ్గయ్యపేట చుట్టూ ఫాల్గుణమంటే మిరప కళ్లాలు. పొలాల మధ్య ఎర్ర తివాచీలు పరిచినట్టు ఎకరాల కొద్దీ కాయ ఎండుతోంది. చున్నీలూ కండువాలూ ముక్కులకు చుట్టుకుని ఆడవాళ్లు వంగి తాలుకాయ ఏరుతున్నారు. చిన్నోడు ఇరవై తుమ్ములు తుమ్మాడు. అత్తయ్య కళ్లం గట్టున కూర్చుని వాళ్లతో మాట కలిపింది. కూలి ఎంత, పొద్దున ఎన్నింటికి వస్తారు, చేతులు మండితే ఏం రాస్తారు. "మజ్జిగ రాస్తాం పిన్నిగారూ, అయినా రాత్రికి నిద్ర పట్టదు" అంది ఒకావిడ. మనకు వసంతం కళ్ల పండగ. ఇక్కడ ఆ ఎరుపు ఎవరో ఒకరి అరచేతుల్లో మంట. మేం తెచ్చిన మజ్జిగ సీసాలు రెండు అక్కడే ఇచ్చేశాం.

జగ్గయ్యపేటకు ఆ పేరు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు మీద పెట్టాడు. అంతకుముందు బేతవోలు. ఊరి పక్కన గుట్ట మీద, ధనం బోడు అనేచోట బౌద్ధ స్తూపం శిథిలాలున్నాయి. 1882లో జేమ్స్ బర్జెస్ ఇక్కడ తవ్వకాలు చేశాడు. చక్రవర్తి చుట్టూ నాణేలు వానలా కురుస్తున్న ప్రసిద్ధ శిల్పం ఇక్కడిదే, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. నాకు మాత్రం అంతకంటే దగ్గరగా తోచేది ఇక్కడ దొరికిన శాసనం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి ఈ స్తూపం ముంగిట ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టాడు. రాజు కాదు, సెట్టి కాదు, ఉలి పట్టినవాడు. ఆ పుణ్యంలో భాగంగా తన తల్లినీ, భార్యనూ, పిల్లలనూ పేరుపేరునా రాయించాడు. పదిహేడు వందల ఏళ్ల కిందటి ఒక ఇంటిల్లిపాదీ ఆ రాతిలో ఉన్నారు. ఇది చెబితే మావారు, "మనం ఐదుగురం, ఆ స్తంభాలూ ఐదే" అన్నారు. గుట్ట దిగే దాకా పిల్లలు ఏ స్తంభం ఎవరిదో పంచుకుంటూనే ఉన్నారు.

పదకొండున్నరకు ఎండ చురుక్కుమంది. పాతకాలపు బాటసారులు తెల్లవారుజామునా సాయంత్రమూ నడిచి, నడిమధ్యాహ్నం తోపుల్లో ఎందుకు పడుకునేవారో అప్పుడు ఒళ్లు చెబుతుంది. మేమూ దారి వదిలి లోపలికి, మునేరు ఒడ్డున పెనుగంచిప్రోలుకు వెళ్లాం. గోపయ్య, తిరుపతమ్మల గుడి. మాఘ ఫాల్గుణాల్లో తిరునాళ్లు. కొత్త చీరల్లో, పసుపు పాదాల్లో, నెత్తిన పొంగలి కుండల్లో జనం. కొమర్రాజు లక్ష్మణరావు పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన అక్క భండారు అచ్చమాంబా ఇక్కడే పుట్టింది. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తానూ చదువు పట్టి, తెలుగులో తొలి కథల్లో ఒకటైన 'ధనత్రయోదశి'ని 1902లో రాసింది. స్త్రీల జీవిత చరిత్రలు కూర్చి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' చేసింది.

మునేరు సన్నగా పారుతోంది. చెట్టు నీడన చాప వేసి పులిహోర తిన్నాం. హయాత్ బేగం, ఎరకసాని, తిరుపతమ్మ, అచ్చమాంబ. అత్తయ్య వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టింది. "దారంతా ఆడవాళ్లే ఉన్నారే అమ్మాయ్, నేను నిద్రపోతుంటే" అంది. తర్వాత ఒక గంట నిజంగానే నిద్రపోయింది, చాప మీద, ఏటి గాలికి.

బొమ్మలు, కాలువ, ఊరు

పరిటాలలో పిల్లలకు కావలసింది 135 అడుగుల ఆంజనేయుడు. తలెత్తి చూసి చూసి మెడలు పట్టాయి. నాకు కావలసింది కాళ్ల కింది నేల. ఈ మట్టిలోనే వజ్రాలు వెతికారు. కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిలో అరవై వేల మంది, ఆడా మగా పిల్లా జెల్లా, పనిచేస్తున్నారని టావెర్నియే రాశాడు. కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. రాళ్లు ప్రపంచమంతా తిరిగాయి, తవ్విన చేతుల పేర్లు ఏ కిరీటం పక్కనా రాయలేదు.

కొండపల్లికి నాలుగింటికి చేరాం. ఒక ఇంటి అరుగు మీద తెల్లపొణికి కర్ర వాసన, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కు వాసన. చేతులూ కాళ్లూ విడిగా చెక్కి మక్కుతో అతికిస్తారు. కర్ర ఎంత తేలికంటే చిన్నోడు అంబారీ ఏనుగును ఒక వేలి మీద నిలబెట్టాడు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి బొమ్మ కొన్నాడు. పొద్దున్నే చిట్యాల దగ్గర అచ్చంగా అలాంటి మనిషిని, మోకు నడుముకు కట్టుకుని పైకి పోతుండగా చూశాడు మరి. పెద్దది పల్లకి కొంది. కొండ మీది రెడ్డి రాజుల కోటకు ఎక్కే ఓపిక ఎవరికీ లేదు. పొద్దున్నే ఎక్కాల్సిన కోట అది. మీరు వెళ్తే కొండపల్లిని ఉదయానికి పెట్టుకోండి.

ఆ రాత్రి బెజవాడలో ఆడపడుచు ఇంట్లో. మర్నాడు పొద్దున్నే బ్యారేజీ మీద నడిచాం. 1855 నాటికి కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగిపోతే 1957కు ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇక్కణ్నుంచే బందరు కాలువ మొదలు. అత్తయ్య వాళ్ల నాయనమ్మ కాపురానికి పడవలో ఈ కాలువ మీదే వెళ్లిందట. ఉయ్యూరు, పామర్రు దాకా కాలువ గట్టు మీది తుమ్మలూ, రావి చెట్ల రాగి రంగు చిగుళ్లూ. కొత్త రావి ఆకు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది, గాలి ఉన్నట్టు మనకు తెలియకపోయినా.

పామర్రు నుంచి కూచిపూడికి మళ్లాం. గోల్కొండ సుల్తాను తానీషా బందరు వెళ్తూ ఇక్కడ ఆగి, భాగవతుల ప్రదర్శన చూసి, మురిసి, ఊరిని ఆ కుటుంబాలకు అగ్రహారంగా రాసిచ్చాడని చెప్పుకుంటారు. ప్రయాణంలో ఆగినందుకు ఒక ఊరికి నాట్యం నిలిచింది! పక్కనే మొవ్వ, క్షేత్రయ్య ఊరు. పెడనలో కలంకారీ అద్దకం వాకిలి వాకిలికీ ఉంది. కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డ మీద చెక్క అచ్చుతో మొదట నలుపు, తర్వాత ఎరుపు. ఆ నలుపు ఇనప ముక్కలూ బెల్లమూ పులియబెట్టి తీసింది. ఒక పెద్దాయన పెద్దదాని చేతికి అచ్చు ఇచ్చి, "గుండె మీద కొట్టినట్టు కొట్టు తల్లీ, పూవు పడుద్ది" అన్నాడు. పూవు పడింది, కాస్త వంకరగా. ఆ జేబురుమాలు ఇప్పుడు దాని పుస్తకాల బల్ల మీద ఉంది.

బందరులో డచ్చి వాళ్లు 1605లో, ఇంగ్లీషు వాళ్లు 1611లో వర్తకానికి దిగారు. ఊళ్లో డచ్చి సమాధుల మీద వంశచిహ్నాలు ఇంకా చెక్కినట్టే ఉన్నాయి. ఎక్కడి మంచు దేశం నుంచో వచ్చి ఈ ఉక్కలో కన్నుమూసినవాళ్లు. రాళ్ల మధ్య గడ్డిపూలు పూశాయి. ఇంత గొప్ప రేవును 1864 నవంబరు ఉప్పెన ఒక్క రాత్రిలో తుడిచేసింది. దాదాపు ముప్పై వేల మంది పోయారు.

అత్తయ్య పుట్టిల్లు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో మూడంతస్తుల మేడ. ఎదురుగా పొగడ చెట్టు ఉంది. దాన్ని చేత్తో ముట్టుకుని, ఏమీ అనకుండా కారెక్కింది. తొక్కుడు లడ్డు అరకిలో కట్టించుకుని మంగినపూడి వెళ్లాం. సముద్రం చదునుగా, చైత్రం ముందరి సముద్రంలా ఉంది. పిల్లలు నీళ్లలో దిగారు. అత్తయ్య ఇసకలో కూర్చుంది. "డెబ్భై ఏడు ఉప్పెనప్పుడు నాకు పద్దెనిమిది. దివిసీమ నుంచి మా ఇంటికి నలుగురు పిల్లలొచ్చారు. వాళ్ల వాళ్లెవరూ రాలేదు" అంది. నేను ఇన్నేళ్ల కోడలిని. ఈ మాట ఎప్పుడూ వినలేదు. అడగలేదు కూడా. రాత్రి బస్సులో ఎవరి దుప్పటి వాళ్లది.

సోమవారం బళ్లున్నాయి. సాయంత్రం నాలుగింటికి తిరిగి బయల్దేరితే కంచికచర్ల దగ్గరే చీకటి పడింది. పిల్లలు బొమ్మలు ఒళ్లో పెట్టుకుని నిద్రపోయారు. నేనూ కునుకు తీశాను. కళ్లు తెరిచేసరికి ముందు సీట్లో అత్తయ్య నిటారుగా కూర్చుని ఉంది. కిటికీ అద్దం సగం దించింది. బయట దీపం ఒక్కటీ లేదు. మిరప ఘాటు లోపలికి కొడుతోంది.

"జగ్గయ్యపేట" అంది, ఎవరితోనో చెప్పినట్టు. "గుట్ట ఇక్కడే ఎక్కడో ఉండాలి."